పడకపోవడం వేరు, విషమెక్కడం వేరు

మన గుంటూరు, ప్రకాశం నల్లరేగడి ఊళ్ళలో అందరి నోటా వినబడే మాట ఒకటుంది: "పడలేదు". మిరప కల్లంలో తుమ్ములు వస్తే "ఘాటు పడలేదు" అంటాం. జిన్నింగు మిల్లులో ఆయాసం వస్తే "దూది పడలేదు" అంటాం. చేలో మందు కొట్టివచ్చిన మనిషి తల పట్టుకొని అరుగుమీద కూలబడితే "మందు పడలేదు, కాసేపు పడుకుంటే అదే పోతుంది" అంటాం. 2022లో జిల్లాలు విడిపోయి పర్చూరు, మార్టూరు బాపట్ల జిల్లాలో చేరాయి. నరసరావుపేట, సత్తెనపల్లి పల్నాడు జిల్లాలో చేరాయి. జిల్లాల పేర్లు మారాయిగాని పంటలు మారలేదు, ఈ మాటా మారలేదు.

వేరైన వాటిని వేరుగా చూడమన్నది తర్కశాస్త్రంలో మొదటి పాఠం. ఈ ఒక్క మాట కింద మనం నాలుగు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నాం. ఒకటి ఘాటు, రెండవది ఎలర్జీ, మూడవది ధూళి వలన ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు, నాలుగవది నరాలకు, మెదడుకు ఎక్కే విషం. మొదటి మూడింటిని నాలుగవదానితో కలిపి చూస్తే మనిషి ప్రాణమే పోవచ్చు. కాబట్టి ఈ వారం వీటిని విడదీసి చూద్దాం.

ఘాటు

మాఘం మొదలుకొని ఎండాకాలం దాకా మన ఊళ్ళలో కల్లాలు ఎర్రగా పరచుకొని ఉంటాయి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల నడిచినవారికి ముక్కులు మండడం, కళ్ళు నీళ్ళు కారడం, పొలమారడం కొత్త కాదు. మిరపకాయలోని కాప్సైసిన్ అనే పదార్థం ఇందుకు కారణం. మన నరాల చివర వేడిని పసిగట్టే ద్వారాలు ఉంటాయి. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అవి తెరుచుకొని "కాలుతున్నది" అని మెదడుకు కబురు పంపుతాయి. కాప్సైసిన్ తగిలినా అవే ద్వారాలు తెరుచుకుంటాయి. నిప్పు లేకపోయినా మంట తెలియడానికి కారణం అదే. ఈ ద్వారాన్ని 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఇది ఎలర్జీ కాదు. పాళ్ళు ఎక్కువైతే ఎవరికైనా ఘాటు తగులుతుంది, గాలికి వస్తే తగ్గుతుంది. అయితే ఉబ్బసం ఉన్నవారికి ఈ ధూళి ప్రమాదకరమే. రోజంతా కూర్చొని తొడిమలు తీసే స్త్రీలు, తాలుకాయలు ఏరే స్త్రీలు ముక్కుకు, నోటికి తడిపి పిండిన మెత్తని గుడ్డ కట్టుకోవడం మంచిది. పనిచేసే కొట్టంలో గాలి అటునుండి ఇటు ఆడేటట్లు యజమాని చూడాలి.

ఎలర్జీ

ఎలర్జీ అనే మాటను 1906లో వియన్నా నగరానికి చెందిన క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల వైద్యుడు మొదట వాడారు. దీని సంగతి ఇది: మన శరీరంలో కాపలా కాసే వ్యవస్థ ఒకటి ఉన్నది. అది రోగక్రిములను పట్టుకోవడానికి ఏర్పడింది. కొందరి ఒంట్లో అది హాని లేని పుప్పొడినో, దుమ్మునో శత్రువుగా భావించి పోరాటానికి దిగుతుంది. అప్పుడు హిస్టమిన్ వంటి పదార్థాలు విడుదలై తుమ్ములు, దురద, దద్దుర్లు, ముక్కు కారడం, పిల్లికూతలు మొదలగునవి వస్తాయి. పదిమంది ఒకే గట్టుమీద నడిస్తే ఒకరికి వస్తుంది, తొమ్మిదిమందికి రాదు. "నీ ఒంటికి పడలేదు" అనే మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

మన పొలాల గట్లమీద, రోడ్ల అంచుల్లో తెల్లపూలతో పెరిగే వయ్యారిభామను ఎరుగని రైతు లేడు. 1950లలో పూణె ప్రాంతంలో మొదట కనబడిన ఈ పరాయిదేశపు కలుపు దేశమంతా పాకింది. దీనిని చేతితో పీకేవారిలో కొందరికి మెడ, మోచేతులు, కనురెప్పలు నల్లబడి, మందమై, దురదపెడతాయి. పుప్పొడి వలన ఉబ్బసం కూడా వస్తుంది. చేతికి తొడుగు లేకుండా దీన్ని పీకకండి, పూత రాకముందే తీయించండి.

ఎలర్జీకి డాక్టరుగారు రాసే బిళ్ళ ఉన్నది, పీల్చే మందు ఉన్నది. అరుదుగా మాత్రం గొంతు వాచి, ఊపిరి ఆడక, స్పృహ తప్పే తీవ్రమైన ఎలర్జీ వస్తుంది. అప్పుడు బిళ్ళ చాలదు, వెంటనే ఆసుపత్రిలో ఇంజెక్షను పడాలి.

దూది ధూళి

పచ్చి పత్తిని ఒలిచే జిన్నింగు మిల్లులలోను, నూలు మిల్లులలోను గాలిలో తేలే ధూళి దూదిపోగు ఒక్కటే కాదు. అందులో ఆకుముక్కలు ఉంటాయి, వాటిమీద పెరిగిన బాక్టీరియాల విషపదార్థాలూ ఉంటాయి. ఏళ్ళ తరబడి వీటిని పీల్చినవారికి బిస్సినోసిస్ అనే జబ్బు వస్తుంది. దీని గుర్తు విచిత్రమైనది. వారపు సెలవు తరువాత పనిలో చేరిన మొదటి రోజున ఛాతీ పట్టేసినట్లుంటుంది, మర్నాటికి తేలికపడుతుంది. అందుకే మిల్లులున్న దేశాలలో దీన్ని "సోమవారపు జ్వరం" అన్నారు. నిర్లక్ష్యం చేస్తే కొన్నేళ్ళకు సోమవారం ఛాతీ పట్టేయడం వారమంతా సాగుతుంది, ఊపిరితిత్తుల శక్తి మళ్ళీ రాకుండా పోతుంది. మన దేశపు చట్టం దీన్ని వృత్తి వలన వచ్చే వ్యాధిగా గుర్తించింది. కాబట్టి మిల్లు కార్మికుడు డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు "ఆయాసం" అని మాత్రమే చెప్పి ఊరుకోరాదు. ఏ పని చేస్తున్నాడో, ఎన్నేళ్ళుగా చేస్తున్నాడో, ఏ రోజున ఎక్కువగా ఉంటుందో చెప్పి రాయించుకోవాలి.

విషం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రోగానికి మింగేదీ మందే, చేలో కొట్టేదీ మందే. ఈ ఒక్క మాట మనకు చాలా చెరుపు చేసింది. పురుగును చంపేందుకు తయారైన దానిని మందు అని పిలిచి, మనిషికి తలతిరిగితే "పడలేదు" అంటున్నాం. అంటే తప్పు విషానిది కాదు, ఆ మనిషి ఒంటిదే అన్నట్లు తీర్పు చెబుతున్నామన్నమాట. ఎలర్జీ పదిమందిలో ఒకరికి వస్తుంది. విషం అలా కాదు. ఒంట్లోకి చేరిన పాళ్ళను బట్టి అది పదిమందికీ ఎక్కుతుంది.

మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటివి ఆర్గానోఫాస్ఫేట్లు అనే వర్గానికి చెందినవి. ఇవి పనిచేసే తీరు ఇది. ఒక నరం కండరానికి ఆజ్ఞ ఇవ్వాలంటే ఎసిటైల్ కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. పని పూర్తికాగానే కోలినెస్టరేజ్ అనే ఎంజైము దానిని తుడిచివేస్తుంది. ఈ విషాలు ఆ తుడిచే ఎంజైమును కట్టిపడేస్తాయి. అప్పుడు ఆజ్ఞ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. పురుగు చచ్చేది ఇలాగే, మనిషికి విషమెక్కేదీ ఇలాగే. తలనొప్పి, చెమటలు, నోట ఉమ్ము ఊరడం, కళ్ళ నీళ్ళు, వాంతి, విరేచనం, చూపు మసకబారడం, కండరాలు అదరడం దీని గుర్తులు. కంటిపాప గుండుసూది మొన అంత చిన్నదిగా కుదించుకుపోవడం ముఖ్యమైన గుర్తు. ఎలర్జీలో కంటిపాప అలా కుదించుకుపోదు. మందు కొట్టివచ్చిన మనిషికి ఈ గుర్తులలో రెండు మూడు కలిసి కనబడితే ఎలర్జీ బిళ్ళ వేసి పడుకోబెట్టరాదు.

సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్ వంటివి వేరే వర్గం. ఇవి చర్మంలోని నరాలనే కదిలిస్తాయి. అందుకే ముఖంమీద చిమచిమ, మంట. దీనిని కూడా మనం ఎలర్జీ అనే అంటాం. నిజానికి అది విషం చర్మానికి తగిలిందని నరం చెబుతున్న సాక్ష్యం.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పత్తి పండించే పల్లెలలో చేసిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. అందులో 50 మంది మహిళా రైతులు తమకు, తమ ఇంటి మగవారికి మందు కొట్టిన ప్రతిసారీ ఏమైనదో నమోదు చేశారు. మొత్తం 323 సందర్భాలలో 83.6 శాతం సందర్భాలలో విషపు గుర్తులు, కొద్దిగానో గొప్పగానో, కనబడ్డాయి. 6 శాతం సందర్భాలలో నరాలమీద ప్రభావం చాలా తీవ్రంగా ఉన్నది. అయినా ఒక్కరు కూడా డాక్టరు దగ్గరకు వెళ్ళలేదు. మందు కలిపి పంపులోకి పోసే స్త్రీలకు, పంపు వీపున మోసే పురుషులతో సమానంగా ప్రమాదం ఉన్నదని, భూమి తక్కువ ఉన్న పేదలకే తీవ్రంగా విషమెక్కుతున్నదని కూడా అదే అధ్యయనం తేల్చింది. "ఇది మామూలే" అనుకోవడం వలన ఎంత నష్టమో చూశారా!

ఎంజైము అప్పు

ఒకసారి కట్టుబడిన ఎంజైము వెంటనే తిరిగిరాదు. ఎర్రరక్తకణాలలో అది రోజుకు సుమారు ఒక శాతం చొప్పున మాత్రమే కోలుకుంటుంది. పురుగుమందుల కొట్టులో ఖాతా ఎలా పెరుగుతుందో మీకు తెలుసు. పాత బాకీ తీరకముందే కొత్త సరుకు తెస్తే చివరకు ఏమవుతుందో కూడా తెలుసు. ఈ రోజు ఒకరి చేలో, రేపు మరొకరి చేలో కూలికి మందు కొట్టే యువకుని రక్తంలో జరిగేది అదే. నాలుగు రోజులు ఏమీ తెలియదు. ఐదవ రోజున కొద్దిపాటి మందుకే కూలిపోతాడు. "ఇన్నాళ్ళు ఏమీ కాలేదు గదా, ఈవేళే పడలేదు" అని చుట్టూ ఉన్నవారు ఆశ్చర్యపోతారు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1974 నుండి ఒక నియమం ఉన్నది. ఈ మందులతో తరచుగా పనిచేసే కూలీకి పని మొదలుకాకముందే కోలినెస్టరేజ్ పరీక్ష చేస్తారు. తరువాత ఎర్రకణాలలోని ఎంజైము ఆ మొదటి లెక్కలో 70 శాతానికి పడిపోతే అతనిని ఆ పని నుండి తప్పించాలి, 80 శాతానికి కోలుకొనేవరకు తిరిగి పెట్టుకోరాదు. ఒక్కొక్కరి మామూలు లెక్క ఒక్కొక్క విధంగా ఉంటుంది. కాబట్టి సీజను ముందు చేయించిన సొంత లెక్క లేకపోతే, తరువాత చేయించిన పరీక్ష సగమే చెబుతుంది. ఈ రక్తపరీక్షను మన పట్టణాలలోని లాబొరేటరీలలోనూ చేయించవచ్చు. కూలికి మందు కొట్టించే రైతులు కలిసి, తొలకరికి ముందు తమ మనుషులకు ఈ పరీక్ష చేయించడం మంచిది.

మరొక హెచ్చరిక. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకె, కరల్లియద్ద ఒక సంగతి వెల్లడించారు. విషమెక్కి, చికిత్సతో తేరుకున్నట్లు కనబడిన రోగులలో కొందరికి ఒకటి నుండి నాలుగు రోజుల లోపల మెడ నిలపలేని నీరసం వచ్చి, ఊపిరి ఆడించే కండరాలు పనిచేయడం మానాయి. కాబట్టి "బాగానే ఉన్నాడు గదా" అని మర్నాడే ఇంటికి తెచ్చుకోకండి. డాక్టరుగారు ఉండమన్నన్ని రోజులు ఉండనివ్వండి.

మెదడుకు జరిగేది

కొద్దికొద్దిగా, ఏళ్ళ తరబడి తగిలిన విషం సంగతి ఏమిటి? అమెరికాలో 1993లో మొదలైన పెద్ద అధ్యయనంలో వేలాది రైతులను పరిశీలించారు. ఒకసారైనా పురుగుమందు విషమెక్కినవారిలో దిగులు జబ్బు ఎక్కువగా కనబడింది. పార్కిన్సన్ వ్యాధికీ కొన్ని పురుగుమందులు, కలుపుమందులకీ సంబంధం ఉన్నదని అనేక దేశాల అధ్యయనాలు సూచించాయి. చేతివణుకు, నడక నెమ్మదించడం, ముఖంలో భావం తగ్గడం ఈ వ్యాధి లక్షణాలు. క్లోరిపైరిఫాస్ గర్భంలోని శిశువు మెదడు ఎదుగుదలకు హాని చేస్తుందన్న ఆధారాలు చాలాకాలంగా పెరుగుతూ వచ్చాయి. 2025లో స్టాక్‌హోం ఒప్పందపు దేశాలు కొన్ని మినహాయింపులతో దానిని తొలగించవలసిన రసాయనాల జాబితాలో చేర్చాయి. గర్భిణులను మందు కలపడానికి, మందు కొట్టిన చేలో మర్నాడే పత్తి తీయడానికి పంపడం ఎంత తప్పో దీనినిబట్టి గ్రహించండి.

ఇక్కడ మన చరిత్ర కూడా గుర్తుకు రావాలి. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు ఈ రెండు జిల్లాలలో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగు చావకపోతే మరింత మందు, దానికి మరింత అప్పు అనే చక్రం ఆనాటిది. 2021లో నల్ల తామరపురుగు మిరపమీద పడినప్పుడు మళ్ళీ అదే చూశాం. అప్పు మనిషిని కుంగదీస్తుందని అందరికీ తెలుసు. ఆ అప్పుతో కొన్న విషం కూడా మనసును కుంగదీయవచ్చునని తెలిసినవారు తక్కువ. కాబట్టి సీజనులో ఇంటి మగమనిషి ఊరకే కోప్పడుతున్నా, నిద్రపోకపోయినా, మాట్లాడడం మానినా, మతిమరపు వచ్చినా "గుణం మారింది" అని తీర్పు తీర్చకండి. డాక్టరుకు చూపించండి, మందు కొడుతున్నాడన్న సంగతి తప్పక చెప్పండి. మనసు కుంగినవారు, వారి ఇంటివారు 14416 అనే ప్రభుత్వ ఫోనుకు ఉచితంగా మాట్లాడవచ్చు. మందు డబ్బాలను ఇంటిలో కాక, వేరేచోట తాళం కింద ఉంచండి.

మెదడు ముప్పు చేలోని మనిషికి మాత్రమే అనుకోరాదు. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణంలో 600 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో, కళ్ళు తిరిగి ఆసుపత్రి పాలయ్యారు. పరీక్షలలో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. పురుగుమందుల అవశేషాలపైన కూడా నిపుణులు వేలు చూపారు. 2013 జూలైలో బీహారు రాష్ట్రపు సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. ఆ వంటలో కలిసినది మోనోక్రోటోఫాస్. నూనెను పురుగుమందు డబ్బాలో ఉంచారు. 2023లో కేంద్ర ప్రభుత్వం మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ ఆదేశం ఇచ్చింది. కొట్టు మూలన ఉన్న పాత డబ్బాకు మాత్రం ఆ ఆదేశం తెలియదు గదా!

ఏమి చేయాలి?

1. డబ్బామీది రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం. తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తక్కువ. ఆకుపచ్చ కూడా విషమే, మంచినీళ్ళు కాదు.

2. గాలికి ఎదురుగా కొట్టకండి. చేతితో కలపకండి, నోటితో నాజిలు ఊదకండి. ఒంటినిండా బట్ట, చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు, ముఖానికి మాస్కు ఉండాలి. మధ్యలో బీడీకి, అన్నానికి కూర్చోవలసివస్తే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

3. పని కాగానే స్నానం చేయండి. ఆ బట్టలు ఇంటిలోనివారి బట్టలతో కలిపి ఉతకరాదు.

4. విషమెక్కిన గుర్తులు కనబడితే మనిషిని చేను నుండి దూరంగా తెచ్చి, బట్టలు తీసి, సబ్బునీళ్ళతో ఒళ్ళు కడగండి. కడిగేవారూ చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఉప్పునీళ్ళు, చింతపండు రసం తాగించి వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తులలోకి పోవచ్చు. స్పృహ లేకపోతే ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి. 108కు ఫోను చేయండి.

5. మందు డబ్బాను, లేదా దానిమీది కాగితాన్ని వెంట తీసుకువెళ్ళండి. అన్ని విషాలకూ ఒకే విరుగుడు లేదు. ఆర్గానోఫాస్ఫేటుకు అట్రోపిన్ ప్రాణం నిలుపుతుంది. ఏ విషమో తెలిస్తేనే డాక్టరుగారు సరైన దారి పట్టగలరు.

6. ఖాళీ డబ్బాలకు చిల్లులు పొడిచి పాడుచేయండి. నీళ్ళకు, నూనెకు, పప్పులకు వాడకండి.

చివరిమాట

ప్రియ పాఠకులారా, నేలకు మిరప, పత్తి ఎంత అవసరమో నాకు తెలియనిది కాదు. పంటకు పురుగు పడితే రైతు చేతులు కట్టుకొని కూర్చోలేడు. నేను కోరేది ఒక్కటే. మాటను సరిగా వాడండి. ఘాటును ఘాటు అనండి, ఎలర్జీని ఎలర్జీ అనండి, విషాన్ని విషం అనండి. "వాడికి పడలేదు" అన్నప్పుడు భారం కూలివాని ఒంటిమీద పడుతుంది. "వాడికి విషమెక్కింది" అన్నప్పుడు భారం మనందరిమీద పడుతుంది. తొడుగు కొనివ్వవలసిన రైతుమీద, సంగతి చెప్పి అమ్మవలసిన కొట్టువానిమీద, అడిగి తెలుసుకోవలసిన వైద్యునిమీద, సకాలంలో ఆసుపత్రికి చేర్చవలసిన ఇంటివారిమీద. ఆ భారం మోయడానికి మనం సిద్ధపడితే, అరుగుమీద తల పట్టుకొని కూర్చున్న ఆ మనిషిని చూసి "కాసేపు పడుకో" అని వెళ్ళిపోము. దగ్గర కూర్చొని, అతని కంటిపాప ఎలా ఉన్నదో చూస్తాము.